కరోనా అనుమానంతో క్యాజువాలిటీకి వచ్చిన పిల్లల్ని ఎలా చూడాలి: ఒక కొత్త డ్యూటీ డాక్టర్‌కి జవాబు

మీరు అడిగింది ఇదీ: అనకాపల్లి వైపు ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో కొత్తగా చేరారు. రాత్రి డ్యూటీలో జ్వరం, దగ్గు, ఆయాసంతో పిల్లలు వస్తున్నారు. కిట్‌తో టెస్ట్ చేస్తే కొందరికి కరోనా పాజిటివ్, కొందరికి నెగటివ్. టెస్ట్ ముందా, పరీక్ష ముందా? ఎవరిని ఇంటికి పంపాలి, ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని విశాఖ పంపాలి? నేను విశాఖలో పిల్లల ఎమర్జెన్సీలో ఏళ్ల తరబడి పనిచేస్తున్నాను. 2020లో మొదటి వేవ్, 2021 ఏప్రిల్, మే నెలల్లో రెండోది, 2022 జనవరిలో ఒమిక్రాన్, మూడింటినీ అదే వార్డులో చూశాను. కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

టెస్ట్ సంగతి చివరికి పెట్టుకోండి. పిల్లాడు వచ్చిన మొదటి పది నిమిషాల్లో మీరు చేయాల్సిన పనులు, అంటే ఆక్సిజన్ పెట్టడం, షుగర్ చూడటం, ఫిట్స్ ఆపడం, సెలైన్ మొదలుపెట్టడం, ఇవేవీ రిపోర్టు బట్టి మారవు. పాజిటివ్ వచ్చినా అవే, నెగటివ్ వచ్చినా అవే. రిపోర్టు కోసం ఆగిన ఆయాసం పిల్లాడు ఆ అరగంటలో చేజారిపోగలడు. అనుమానం వల్ల మారేదల్లా మీ మాస్కు, ఆ పిల్లాడిని కూర్చోబెట్టే చోటు. అంతే.

చోటు గురించి ముందే చెప్పేస్తాను. జ్వరం, దగ్గుతో వచ్చినవాళ్లకి కిటికీలు తెరిచి ఉన్న ఒక మూల కేటాయించండి. వరండా అయినా మంచిదే. మీరూ, నర్సూ ఎన్-95 పెట్టుకోండి. తల్లికి మాస్కు ఇవ్వండి. పిల్లాడికి ఐదేళ్లలోపు అయితే మాస్కు వద్దు, ఆయాసపడే పిల్లాడికి ఏ వయసులోనూ వద్దు. తల్లినీ బిడ్డనీ మాత్రం విడదీయకండి. 2020లో చాలాచోట్ల భయం కొద్దీ అలా చేశారు. ఏడుస్తున్న పిల్లాడికి ఊపిరి లెక్కపెట్టలేరు, ఆక్సీమీటర్ నిలవదు, ఆయాసం ఇంకా పెరుగుతుంది. తల్లిపాలు తాగే పాపకి తల్లి పాజిటివ్ అయినా సరే, మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని పాలిమ్మని చెప్పండి.

ఇక పిల్లాడి దగ్గరికి వెళ్లకముందే, గుమ్మం దగ్గరే నిలబడి అర నిమిషం చూడండి. మూడు సంగతులు కనిపిస్తాయి. మొదటిది తీరు: అమ్మ వైపు చూస్తున్నాడా, మిమ్మల్ని చూసి బెదురుతున్నాడా, వస్తువు చూపిస్తే చెయ్యి చాస్తున్నాడా, లేక ఒళ్లో వాలిపోయి ఉన్నాడా. కొత్త మనిషిని చూసి ఏడ్చే ఏడాది పాప గురించి నాకు భయం లేదు. సూది గుచ్చినా ఏడవని పాపంటేనే భయం. రెండోది ఊపిరి తీసే కష్టం. మూడోది రంగు: పెదాలు, నాలుక నీలంగా ఉన్నాయా, చర్మం పాలిపోయి మచ్చలు మచ్చలుగా ఉందా. మన పిల్లల్లో ఒంటిరంగు చూసి నీలం పట్టుకోవడం కష్టం. నాలుక, చిగుళ్లు చూడాలి.

ఊపిరి దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే తొందరలో అందరూ వదిలేసేది ఇదే. పిల్లాడిని తల్లి ఒడిలోనే ఉంచి చొక్కా మెడ దాకా పైకి లేపించండి. స్టెతస్కోప్ ఇంకా తీయకండి. పొట్ట, ఛాతీ కలిసే చోట చూపు పెట్టి, ఎదురుగా గడియారం పెట్టుకుని, పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే పసిపిల్లల్లో లెక్క తప్పుతుంది. వాళ్లు కాసేపు గబగబా, కాసేపు నెమ్మదిగా ఊపిరి తీస్తారు. రెండు నెలల్లోపు పాపకి నిమిషానికి 60 లేదా అంతకు మించితే వేగం. రెండు నెలలు దాటి ఏడాదిలోపు 50. ఏడాది నుంచి ఐదేళ్లలోపు 40. ఐదేళ్లు, ఆపైన 30. ఈ నాలుగు అంకెలూ కాగితం మీద రాసి బల్ల పక్కన గోడకి అంటించండి. జ్వరం 103 ఉన్నప్పుడు ఊపిరి వేగం ఎలాగూ పెరుగుతుంది కాబట్టి, మిగతా అంతా బాగున్న పిల్లాడికి పారాసెటమాల్ వేసి, జ్వరం తగ్గాక ఇంకోసారి లెక్కపెట్టండి. కానీ కష్టం కనిపిస్తున్న పిల్లాడి విషయంలో 'జ్వరం వల్లేలే' అని ఊరుకోవద్దు.

కష్టం అంటే ఏమిటో తల్లులే చక్కగా చెప్తారు. 'డొక్కలెగరేస్తున్నాడు బాబూ' అంటుంది శ్రీకాకుళం తల్లి. ఆ మాట చెవిన పడగానే లేచి చూడండి. ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల కింద లోపలికి గుంట పడుతోందా, ముక్కుపుటాలు ఎగురుతున్నాయా, తల ఊగుతోందా? ఊపిరి వదిలిన ప్రతిసారీ సన్నగా మూలుగుతోందా? ఆ మూలుగు గొంతు నొప్పి వల్ల వచ్చేది కాదు. ఊపిరితిత్తులు మూసుకుపోకుండా పాప తనకి తాను పెట్టుకుంటున్న ఒత్తిడి అది. మూలిగే పాపని క్యూలో కూర్చోబెట్టకూడదు, సరాసరి ఆక్సిజన్ దగ్గరికి తీసుకెళ్లాలి. ఇంకో సంగతి. చాలాసేపు డొక్కలెగరేసిన పిల్లాడు ఉన్నట్టుండి నెమ్మదించి, మగతగా పడుకుంటే బాగుపడ్డాడని అనుకోవద్దు. అలసిపోయాడన్నమాట. ఆ క్షణం మీరు అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) చేతిలోకి తీసుకోవాలి.

ఆక్సీమీటర్ గురించి రెండు మాటలు. పెద్దవాళ్ల వేలి క్లిప్పు ఆర్నెల్ల పాప వేలికి తగిలిస్తే వచ్చే అంకెని నమ్మొద్దు. చుట్టే ప్రోబ్ ఉంటే కాలి మీద, లేదా బొటనవేలికి చుట్టండి. కాలు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబెట్టండి. వేలికి నెయిల్ పాలిష్ ఉంటే తుడవండి. తెరమీద అల సరిగ్గా కదులుతూ, అది చూపించే నాడి మీరు వినే గుండె చప్పుడుతో సరిపోతేనే ఆ అంకె అంకె. ఇంకోటి, ముదురు చాయ చర్మంలో ఈ యంత్రం ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించే అవకాశం ఉందని పరిశోధనల్లో తేలింది. కాబట్టి 94 చూపిస్తూ డొక్కలెగరేసే పిల్లాడి విషయంలో నేను డొక్కల మాటే వింటాను.

తర్వాత రక్తప్రసరణ. చేతులూ కాళ్లూ ముట్టుకుని చూడండి, చల్లగా ఉన్నాయా. రొమ్ము ఎముక మీద వేలితో ఐదు సెకన్లు నొక్కి వదలండి. రంగు రెండు సెకన్లలో తిరిగి రావాలి. మూడు దాటితే, దానికి తోడు నాడి వేగంగా, బలహీనంగా ఉంటే, బీపీ ఎంత ఉన్నా అది షాకే, అంటే అవయవాలకి చాలినంత రక్తం అందడం లేదన్నమాట. పిల్లల్లో బీపీ చిట్టచివర్న పడిపోతుంది, అప్పటిదాకా నిలబెట్టుకుంటారు. ఏడాది నుంచి పదేళ్ల లోపు పిల్లల్లో పై బీపీ కనీసం ఎంతుండాలో మనసులో లెక్కేసుకోవడానికి ఒక సూత్రం: వయసుని రెండుతో హెచ్చించి 70 కలపండి. నాలుగేళ్ల పిల్లాడికి 78. అంతకంటే తగ్గిందంటే చాలా ఆలస్యమైనట్టే.

గ్లూకోమీటర్ మర్చిపోవద్దు. రెండు రోజులుగా తిండి లేని, మగతగా ఉన్న పిల్లాడికి షుగర్ పడిపోయి ఉండొచ్చు. దానికి పూర్తిగా ఎదురు సంగతి కూడా ఉంది. తొమ్మిదేళ్ల పాప, లోతుగా వేగంగా ఊపిరి తీస్తోంది, కానీ ఛాతీ శుభ్రంగా ఉంది, ఆక్సిజన్ 99. పది రోజులుగా నీళ్లు తెగ తాగుతోందనీ, రాత్రిళ్లు లేచి ఒంటికి వెళ్తోందనీ తల్లి అడిగితే తప్ప చెప్పదు. అది మధుమేహం వల్ల వచ్చిన కీటో అసిడోసిస్, అంటే షుగర్ బాగా పెరిగి రక్తం ఆమ్లంగా మారడం. కరోనా రోజుల్లో ఇలాంటి పిల్లల్ని కూడా 'ఆయాసం, కరోనా అనుమానం' అనే చీటీతో పంపేవారు. ఒక్క చుక్క రక్తంతో తేలిపోయేదానికి అంత తిప్పట.

ఆక్సిజన్ పెట్టేటప్పుడు ముక్కు గొట్టాలు చాలు. ఏడాదిలోపు పాపకి నిమిషానికి ఒకటి, రెండు లీటర్లు, పెద్దపిల్లలకి నాలుగు దాకా, ఆక్సిజన్ శాతం 94 నుంచి 96 మధ్య నిలిచేలా. పిల్లికూతలు వినిపిస్తే నెబ్యులైజర్ బదులు, మందుని పట్టి ఉంచే గొట్టం లాంటి స్పేసర్‌తో ఇన్‌హేలర్ వాడండి, తుంపరలు గదంతా వ్యాపించవు, మందూ బాగా పనిచేస్తుంది. స్పేసర్ లేకపోతే నెబ్యులైజరే పెట్టండి. వైరస్ భయంతో అసలు మందే ఇవ్వకపోవడం కంటే అది నయం.

కేంద్ర ఆరోగ్య శాఖ పిల్లల కోసం 2021 జూన్‌లో ఇచ్చి, 2022 జనవరిలో సవరించిన మార్గదర్శకాల వర్గీకరణ కూడా ఈ అంకెల మీదే నడుస్తుంది. గొంతు నొప్పి, జలుబు, దగ్గు ఉండి, ఊపిరి వేగం లేకుండా, ఆక్సిజన్ 94 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే స్వల్పం, ఇంటికి పంపొచ్చు. వయసుకి మించిన ఊపిరి వేగం లేదా 90 నుంచి 93 మధ్య ఆక్సిజన్ ఉంటే మధ్యస్థం, ఉంచుకోవాలి. 90 కంటే తక్కువ, మూలుగు, ఛాతీ బాగా లోపలికి పోవడం, మగత, ఫిట్స్, వీటిలో ఏదున్నా తీవ్రం, ఐసీయూ కావాలి. ఈ గీతలకి నేను నా తరఫున కొందరిని కలుపుతాను. మూడు నెలల్లోపు పాపకి జ్వరం 100.4 దాటితే, చూడ్డానికి బాగున్నా, ఇంటికి పంపను. పుట్టుకతో గుండె జబ్బు ఉన్నవాళ్లు, కేన్సర్ మందులు వాడుతున్నవాళ్లు, కిడ్నీ జబ్బుకి స్టెరాయిడ్ మీద ఉన్నవాళ్లు, బాగా చిక్కిపోయిన పిల్లలు, వీళ్లకి తక్కువ లక్షణాలున్నా ఒక రాత్రి ఉంచుకుంటాను. చిక్కిపోయిన పిల్లాడికి న్యుమోనియా వచ్చినా ఒక్కోసారి జ్వరం కూడా రాదు.

కథ అడిగే పద్ధతి మీద చాలా ఆధారపడి ఉంటుంది. 'ఇంట్లో ఎవరికైనా కరోనా వచ్చిందా?' అని అడిగితే 'లేదండీ' అనే జవాబే వస్తుంది. ఎక్కడికో పట్టుకుపోతారని భయం, ఊళ్లో మాటొస్తుందని భయం. నేనైతే 'నెలా నెలన్నరలో ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు, వాసన తెలియకపోవడం లాంటివి వచ్చాయా? పెళ్లికో జాతరకో వెళ్లారా?' అని అడుగుతాను. మే నెలలో పాడేరు మోదకొండమ్మ జాతరకి వెళ్లొచ్చాం, నాన్నమ్మకి వారం రోజులు దగ్గు, అని అప్పుడు బయటికొస్తుంది. నెలన్నర అని ఎందుకు అడుగుతున్నానో కాసేపట్లో చెప్తాను.

మన ప్రాంతంలో పెద్ద ప్రమాదం ఏమిటంటే, కరోనా అనే మాట మనసులో పడ్డాక ఇంకేదీ కనిపించదు. వర్షాకాలం, ఆ తర్వాత నెలల్లో జ్వరంతో వచ్చే ప్రతి పిల్లాడిలోనూ నేను డెంగీ వెతుకుతాను: కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, జ్వరం తగ్గిన రోజే నీరసం పెరగడం. డెంగీ అనుమానం ఉంటే ఐబుప్రొఫెన్ జోలికి పోవద్దు, పారాసెటమాల్ ఒక్కటే. పాడేరు, అరకు, చింతపల్లి వైపు నుంచి వచ్చిన పిల్లాడికి మలేరియా కిట్ తప్పనిసరి. కరోనా పాజిటివ్ వచ్చినా సరే, రెండూ కలిసి ఉండకూడదని రూలేమీ లేదు. వారం దాటిన జ్వరమైతే బట్టలన్నీ తీసి చూడండి. చంకలో, గజ్జల్లో, చెవి వెనక చిన్న నల్లటి పక్కు, సిగరెట్టు కాలినట్టు, నొప్పి లేకుండా కనిపిస్తే అది స్క్రబ్ టైఫస్, నల్లి జాతి చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం. డాక్సీసైక్లిన్ గానీ అజిత్రోమైసిన్ గానీ వేస్తే రెండు మూడు రోజుల్లో జ్వరం దిగిపోయే జబ్బు, బట్టలు విప్పి చూడక తెలియకుండా పోతుంది. ఏజెన్సీ పిల్లల్లో సికిల్ సెల్ (ఎర్రరక్తకణాలు కొడవలిలా వంగిపోయే, పుట్టుకతో వచ్చే రక్తజబ్బు) కూడా గుర్తుంచుకోండి. జ్వరం, ఛాతీ నొప్పి, ఆక్సిజన్ తగ్గడం, ఎక్స్‌రేలో మచ్చ, అన్నీ కరోనా న్యుమోనియాలాగే ఉంటాయి. తల్లిని 'ఇదివరకు రక్తం ఎక్కించారా? చేతులు కాళ్లు నొప్పులని ఏడ్చేవాడా?' అని అడగండి.

ఇప్పుడు నెలన్నర సంగతి. నా దృష్టిలో ఈ జవాబు మొత్తానికి ఇదే ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ టెస్ట్ మనల్ని పక్కదారి పట్టిస్తుంది. పిల్లల్లో కరోనా చాలావరకు తేలిగ్గా పోతుంది. కానీ కొద్దిమందిలో, ఇన్‌ఫెక్షన్ వచ్చిన రెండు నుంచి ఆరు వారాల తర్వాత, వైరస్ వెళ్లిపోయాక, ఒంటి రక్షణ వ్యవస్థే రెచ్చిపోయి గుండె, పేగులు, చర్మం, రక్తనాళాల మీద పడుతుంది. 2020 ఏప్రిల్‌లో బ్రిటన్ డాక్టర్లు మొదట హెచ్చరించారు, తర్వాత అన్ని దేశాల్లోనూ కనిపించింది. దాన్ని ఎమ్‌ఐఎస్-సి, అంటే పిల్లల్లో ఒకేసారి చాలా అవయవాలకి వచ్చే వాపు జబ్బు, అంటున్నాం. అప్పటికి ముక్కులో వైరస్ ఉండకపోవచ్చు కాబట్టి యాంటిజెన్ కిట్, ఆర్‌టీపీసీఆర్ రెండూ నెగటివ్ రావచ్చు. చాలామంది తల్లిదండ్రులకి పిల్లాడికి అంతకుముందు కరోనా వచ్చిందనే తెలియదు, రెండు రోజులు ముక్కు కారి పోయి ఉంటుంది.

2021 జూన్‌లో వచ్చిన ఒక ఏడేళ్ల బాబు నాకు బాగా గుర్తు. నాలుగు రోజులుగా 103 జ్వరం, కుడివైపు కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు. అపెండిక్స్ అనుకుని ఆపరేషన్‌కి సిద్ధం చేస్తుండగా, మత్తు డాక్టర్‌గారికి నాడి వేగం నచ్చక నన్ను పిలిచారు. బాబు మంచం మీద మాట్లాడుతూనే ఉన్నాడు. కళ్లు రెండూ ఎర్రగా ఉన్నాయి, కానీ పుసి లేదు. పెదాలు పగిలి ఎర్రగా, నాలుక గరుకుగా ఉంది. అరిచేతులు కొద్దిగా వాచాయి. కాళ్లు మోకాళ్ల దాకా చల్లగా ఉన్నాయి. నాడి 160. బీపీ అప్పటికి నిలబడే ఉంది. తండ్రిని పక్కకి పిలిచి అడిగితే, మే మొదట్లో ఇంట్లో పెద్దవాళ్లందరికీ జ్వరాలొచ్చాయని చెప్పారు. సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) బాగా ఎక్కువ, ఎకోలో (గుండె స్కాన్) గుండె కొట్టుకునే బలం తగ్గింది, యాంటీబాడీలు పాజిటివ్. ఆపరేషన్ ఆగింది. ఇమ్యునోగ్లోబ్యులిన్, స్టెరాయిడ్ ఇచ్చాక మూడో రోజుకి అన్నం అడిగాడు.

కాబట్టి మీకు నా మనవి. మూడు రోజులు లేదా అంతకు మించిన జ్వరం ఉన్న పిల్లాడిలో ఈ గుర్తుల కోసం కావాలని వెతకండి: ఒంటి మీద దద్దుర్లు, పుసి లేని ఎర్రకళ్లు, పెదాలు నోరు ఎర్రబడటం, కడుపునొప్పి వాంతులు విరేచనాలు, షాక్. రెండు గుర్తులు కలిసి కనిపిస్తే, ఇంట్లో ఎవరికో జబ్బు చేసిన కథ ఉంటే, టెస్ట్ నెగటివ్ అయినా సరే, మీ దగ్గర ఉంచుకోకండి. అదే సమయంలో డెంగీ, మలేరియా, స్క్రబ్ టైఫస్, రక్తంలో బ్యాక్టీరియా కూడా దాదాపు ఇలాగే ఉంటాయి గనక, బ్లడ్ కల్చర్ తీసి యాంటీబయాటిక్ మొదటి డోసు వేసి పంపండి. సెలైన్ విషయంలో చెయ్యి అదుపులో ఉండాలి. మామూలు విరేచనాల షాక్ అనుకుని గబగబా పోస్తే, ఈ పిల్లల్లో గుండె బలహీనంగా ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. కిలోకి 10 మి.లీ. చొప్పున అరగంటకి పైగా ఎక్కించి, మళ్లీ చూడండి: కాలేయం కిందకి దిగిందా, ఊపిరితిత్తుల్లో చప్పుళ్లు కొత్తగా వచ్చాయా, ఆయాసం పెరిగిందా? వీటిలో ఏదున్నా ఆపేసి, ఫోన్ చేయండి.

టెస్టుల మాటకొస్తే, యాంటిజెన్ కిట్ పాజిటివ్ వస్తే నమ్మొచ్చు, నెగటివ్ వచ్చి అనుమానం పోకపోతే ఆర్‌టీపీసీఆర్ పంపాలి. ఆ రిపోర్టులో ఉండే సీటీ వేల్యూ (వైరస్ ఎంత ఉందో సూచించే అంకె) చూసి జబ్బు ఎంత తీవ్రమో చెప్పడం కుదరదు. స్వల్ప జబ్బుకి ఛాతీ స్కాన్ తీయించి పిల్లాడికి రేడియేషన్ ఇవ్వొద్దు. ఆయాసం ఉన్నవాళ్లకి ఎక్స్‌రే చాలు. రెమ్‌డెసివిర్, ఐవర్‌మెక్టిన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ పిల్లలకి వాడమని కేంద్రం ఇచ్చిన ఆ మార్గదర్శకాలు చెప్పలేదు. స్టెరాయిడ్ ఆసుపత్రిలో ఉన్న మధ్యస్థ, తీవ్ర కేసులకే. రెండో వేవ్‌లో జలుబుకి కూడా స్టెరాయిడ్ సిరప్ రాసిన చీటీలు నా చేతికి వచ్చాయి. అవి చూసినప్పుడు నిజంగా బాధేసింది.

ఈ స్టెరాయిడ్ నియమానికి ఒక మినహాయింపు ఉంది, ఒమిక్రాన్‌తో బాగా కనిపించింది. ఏడాది, రెండేళ్ల పిల్లలు అర్ధరాత్రి కుక్క మొరిగినట్టు దగ్గుతూ, ఊపిరి పీల్చినప్పుడు గొంతులో కీచుమని శబ్దంతో వచ్చేవారు. దాన్ని క్రూప్ అంటాం. పిల్లాడిని తల్లి ఒడిలోంచి కదపొద్దు, నోట్లో స్పూను పెట్టి గొంతు చూడొద్దు, ఏడిపిస్తే దారి ఇంకా మూసుకుంటుంది. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కిలోకి 0.6 మి.గ్రా. చొప్పున ఒకే డోసు నోటితో. ఏడవకుండా ఉన్నప్పుడు కూడా కీచు శబ్దం ఉండి ఆయాసపడుతుంటే అడ్రినలిన్ నెబ్యులైజేషన్ పెట్టి, కొన్ని గంటలు కళ్లముందే ఉంచుకోండి.

విశాఖ పంపడం గురించి అడిగారు. అనకాపల్లి నుంచి విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) గంట, గంటన్నర దారి. పాడేరు నుంచైతే ఘాట్ రోడ్డు మీద వంద కిలోమీటర్లకి పైనే. పంపేముందు స్థిరపరచండి. ఊగిసలాడుతున్న పిల్లాడిని చీటీ రాసి 108లో ఎక్కించేస్తే పనైపోదు. ముందు ఫోన్ చేసి బెడ్ ఉందో లేదో, ఎవరు తీసుకుంటారో పేరుతో సహా కనుక్కోండి. ఐవీ లైన్ సరిగ్గా నడుస్తోందో చూసి ప్లాస్టర్ గట్టిగా వేయండి. సిలిండర్‌లో ఎంత ఉందో మీరే చూడండి: బి టైప్ సిలిండర్ నిండుగా ఉంటే సుమారు 1500 లీటర్లు, నిమిషానికి ఐదు లీటర్ల చొప్పున ఐదు గంటలు. మీటరు ముల్లు సగంలో ఉంటే సమయమూ సగమే. దారికి పట్టే సమయానికి రెట్టింపు ఉండాలి. ఘాట్‌లో ఒక లారీ అడ్డంగా ఆగితే అక్కడే గంట పోతుంది. 2021 ఏప్రిల్‌లో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు బయల్దేరింది మన విశాఖ స్టీల్ ప్లాంట్ ఆక్సిజన్‌తోనే. అంత ఆక్సిజన్ తయారయ్యే ఊరి పక్కన అంబులెన్సులో సిలిండర్ ఖాళీ అయి పిల్లాడికి ముప్పు రావడం నేను ఊహించలేను. చీటీలో రోగం పేరు కంటే అంకెలు రాయండి: ఎన్నింటికి చూశారు, ఊపిరి ఎంత, నాడి ఎంత, ఆక్సిజన్ పెట్టకముందు శాతం ఎంత, ఏ మందు ఎన్ని మి.గ్రా. ఎన్నింటికి వేశారు, ఎంత సెలైన్ ఎక్కింది. అవి ఉంటే ఇక్కడ మేం మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు.

ఇంటికి పంపేవాళ్లే ఎక్కువమంది. వాళ్లకి చెప్పే మాటల్లో ముందు పారాసెటమాల్ కొలత చూడండి. కిలోకి 15 మి.గ్రా., నాలుగు నుంచి ఆరు గంటల ఎడంతో. ఇంట్లో ఉన్న సీసా తెప్పించి చూడండి, లేదా ఫోటో పంపమనండి. చుక్కల మందులో ఒక మి.లీ.లో 100 మి.గ్రా. ఉంటుంది. సిరప్‌లో ఐదు మి.లీ.కి 120 ఉన్నవీ, 250 ఉన్నవీ దొరుకుతాయి. పది కిలోల పాపకి కావాల్సింది 150 మి.గ్రా. అంటే చుక్కల మందు అయితే ఒకటిన్నర మి.లీ., 250 సిరప్ అయితే మూడు, 120 సిరప్ అయితే ఆరు. 120 సిరప్ కొలతని చుక్కల సీసాతో పోస్తే నాలుగు రెట్లు పడుతుంది. డోసు సీసా మీదే పెన్నుతో రాసివ్వండి.

రెండు ఇంటి వైద్యాలు గట్టిగా వద్దని చెప్పండి. ఒకటి ఆవిరి పట్టడం. వేడినీళ్ల గిన్నె ముందు పిల్లాడిని కూర్చోబెట్టి దుప్పటి కప్పితే, ఒక్క కదలికతో తొడలు, పొట్ట కాలిపోతాయి. రెండోది కర్పూరం. వాము, కర్పూరం మూట కట్టి మెడలో వేస్తున్నారు. కర్పూరం పిల్లలు మింగితే కొద్ది మోతాదుకే ఫిట్స్ వస్తాయి. ఫిట్స్‌తో వచ్చిన పిల్లాడి నోట్లో కర్పూరం వాసన వస్తోందేమో కూడా చూడండి. చిన్నమ్మో, నాయనమ్మో ప్రేమతో చేసిన పని అది, వాళ్లని కసరకుండా చెప్పాలి.

మళ్లీ ఎప్పుడు తీసుకురావాలో తల్లి చేతే తిరిగి చెప్పించండి. డొక్కలెగరేసినా, మూలిగినా, సగం పాలు కూడా తాగకపోయినా, ఎనిమిది గంటలుగా ఒంటికి వెళ్లకపోయినా, పిలిస్తే పలక్కపోయినా, పెదాలు నీలంగా మారినా, ఫిట్స్ వచ్చినా, మూడు రోజులకి జ్వరం తగ్గకపోయినా వెంటనే రావాలి. తెల్లవారే దాకా ఆగొద్దనీ, 108కి ఫోన్ చేస్తే చాలనీ చెప్పండి. తగ్గిపోయాక కూడా ఆరు వారాల్లోపు మళ్లీ జ్వరం, కడుపునొప్పి, ఎర్రకళ్లు వస్తే, 'ఫలానా తేదీన కరోనా వచ్చింది' అని ఏ డాక్టర్‌కైనా మొదటి మాటగా చెప్పమనండి. ఆ తేదీ ఓపీ చీటీ వెనక పెద్ద అక్షరాలతో మీరే రాసివ్వండి.

వెళ్లబోయేముందు చొక్కా ఇంకోసారి పైకి లేపించి, ఇంకో నిమిషం లెక్కపెట్టండి. వచ్చినప్పుడు 48 ఉన్న రెండేళ్ల పాపకి జ్వరం తగ్గాక 34 ఉంటే పంపండి. ఇంకా 46 ఉంటే, రాత్రి ఒంటిగంట అయినా, తండ్రి ఆటో మాట్లాడుకుని వచ్చినా, ఆపి మంచం ఇవ్వండి.